కనికరమ్మ కాలిలెక్క

నమోదు 1

వింటున్నవాడా, నీ ఇంటికి మెట్లున్నాయా?

ఉంటే, ఈ పొద్దున వాటి మీద దిగి వచ్చేటప్పుడు వాటికి కృతజ్ఞత చెప్పావా? అన్నం ముందు కళ్లు మూసుకుంటావు. పడుకునే ముందు మోకరిస్తావు. మెట్టు ముందు తల వంచినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. మేమూ వంచలేదు. పోయిన గాలివానకు మా బ్లాకు మెట్లు బెల్లంలా నాని కూలిపోయాకే తెలిసింది, యాకోబు కలలో దేవదూతలకు నిచ్చెన ఎందుకు కావలసి వచ్చిందో. రెక్కలున్నవాళ్లకే అది అవసరమైతే, అరిగిన మోకాళ్లున్న మాకెంత అవసరం?

నా పేరు ఆమోసు. వీధుల్లోకి సముద్రం వచ్చేసిన పాలరేవు నగరం తొమ్మిదో బ్లాకులో వాక్యం చెప్తాను. నన్నెవరూ అభిషేకించలేదు, ఏ కళాశాలా పట్టా ఇవ్వలేదు. వలలు అల్లుతూ, పక్కవాడు చదువుతుంటే విని, విన్నదాన్ని పుటలో వేలితో వెతికి అక్షరాలు నేర్చుకున్నాను. ఈ దినచర్య మాత్రం దేవుడు రాయమన్నది కాదు. నగర పునరుజ్జీవన ప్రాధికారం వారు రాయమన్నారు. మెట్లకు నిధులు కావాలంటే స్వచ్ఛంద సంఘం ఉండాలి. సంఘం ఉంటే దినచర్య రాయాలి. రాసినదాన్ని మర్నాడు పొద్దున్నే నగరంలోని ప్రతి బ్లాకులో ఉన్న మాట్లాడే స్తంభంలోంచీ చదివి వినిపిస్తారు, ఒకరిని చూసి ఒకరు ఉత్సాహపడాలని. నాకేమీ అభ్యంతరం లేదు. ఇంత పెద్ద సభ పేతురుగారికీ దొరకలేదు.

విషయానికి వస్తాను. మా నాలుగో అంతస్తులో కనికరమ్మ అనే పెద్దావిడ ఉంది. చేపలు ఎండబెట్టి అమ్మి, చచ్చిపోయిన చెల్లెలి పిల్లల్ని పెంచి పంపించిన మనిషి. తుంటి విరిగి అతికింది. కర్ర పట్టుకుని మెట్టు తర్వాత మెట్టు దిగగలదు. తాడు నిచ్చెన మీద మాత్రం వేలాడలేదు. మెట్లబావిలో ఇప్పుడున్నది ఆ తాడు నిచ్చెన ఒక్కటే. కూలిన పెళ్లలు అడ్డంగా ఇరుక్కుని, ఒక మనిషి ఒళ్లు కుదించుకుని జారేంత సందు మిగిలింది.

ప్రాధికారం వారి నివాస నియమం ఇది: ఇంట్లో ఉన్నంత మాత్రాన ఉన్నట్టు కాదు. బయటికి వెళ్లి తిరిగి వచ్చినవాడే నివాసి. అందుకని ప్రతి మెట్లబావి అడుగునా నేలలో ఒక పలక పాతారు. వెళ్లే అడుగు ఒకటి, వచ్చే అడుగు ఒకటి దాని మీద పడాలి. దాన్ని కాలిలెక్క అంటాం. ఋతువుకోసారి, పున్నమి పోటు రోజు సాయంత్రం లెక్క మూస్తారు. ఆ లోపు రెండడుగులూ పడని ఇల్లు ఖాళీ ఇల్లు. ఖాళీ ఇంటిని వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. గాలివాన వల్ల పోయిన లెక్కకు సడలింపు ఇచ్చారు. ఈ లెక్కకు లేదు.

కనికరమ్మ ఇల్లు వచ్చే పున్నమికి పోతుంది. మెట్లు వస్తే ఉంటుంది. నేను రాయబోయేదంతా ఇంతే.

నమోదు 2

చేతులు ముడుచుకుని కూర్చోలేదని తెలియడానికి ఇది రాస్తున్నాను.

పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు స్నేహితులు ఇంటి కప్పు విప్పి తాళ్లతో ప్రభువు ముందుకు దింపారు కదా. ఆ నలుగుర్ని తలుచుకుని మేమూ నలుగురం కనికరమ్మను చేపల తట్టలో కూర్చోబెట్టి, బాల్కనీలోంచి బయటవైపు దింపాం. కింద పడవ పెట్టాం. తట్ట పడవలో ఆనగానే స్తంభం పలికింది. ఆ గొంతును మేం కొలతమ్మ అంటాం. ప్రాధికారం వారి తరఫున కొలిచేదీ చెప్పేదీ అదే. కొలతమ్మ చాలా మర్యాదగా, "సరుకు ఒకటి, బయటికి," అంది.

సరేనని కనికరమ్మను పడవ దింపి, నడిపించుకుంటూ వాకిట్లోంచి మెట్లబావిలోకి తీసుకొచ్చి పలక మీద నిలబెట్టాం.

"అతిథి ఒకరు. తొమ్మిదో బ్లాకుకు స్వాగతం," అంది కొలతమ్మ.

కనికరమ్మ స్తంభం వైపు చూసి నవ్వింది. "ఈ బ్లాకు కట్టేటప్పుడు ఇసక మోసింది నేనే. ఇప్పుడు నాకు మంచినీళ్లు కూడా ఇత్తావా ఏందమ్మా?" అని అడిగింది.

మళ్లీ తట్టలో పైకి లాగాం. "సరుకు ఒకటి, వాపసు."

నమోదు 3

ప్రాధికారం సమన్వయకర్త భార్గవ్ గారు పడవలో వచ్చారు. సన్నగా, నిద్ర చాలని కళ్లతో, మర్యాదస్తుడు. నిధులు రెండు కొలతల మీద ఇస్తారని చెప్పారు. మొదటిది అవసరం: మీరెంత లేనివాళ్లు? రెండోది సామర్థ్యం: మీకు మీరు ఎంత చేసుకోగలరు? రెండూ గీత దాటాలి. ఎందుకని అడిగాను. అవసరం లేనివాళ్లకు ఇస్తే దుబారా అట, సామర్థ్యం లేనివాళ్లకు ఇస్తే వృథా అట.

మా అవసరం గీత దాటుతుందని నాకు తెలుసు. కింది అంతస్తులోకి రోజూ సముద్రం వచ్చి పోతుంది, అంతకన్నా ఏం కావాలి? సామర్థ్యం దగ్గరే భయం. అందుకని ఛాతీ విరుచుకుని పిడికెడు బియ్యం గురించి చెప్పాను.

తెలియనివాళ్లకు చెప్తాను. మా ఇళ్లలో ఆడవాళ్లు అన్నానికి బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తారు. పూటపూటకీ. ఆదివారం ఆ డబ్బాలన్నీ ఆరాధనలో ఒక గుడ్డ మీద కుమ్మరిస్తారు. ఆ వారం వేట పడని ఇళ్లకు ఆ కుప్పలోంచి వెళ్తుంది. ఎవరిది ఎంతో ఎవరూ చూడరు. ఈ వారం వేసిన ఇల్లు వచ్చే వారం పుచ్చుకుంటుంది. మా తాతల నాటినుంచి ఉన్న పని. సముద్రం రాకముందు ఉంది, వచ్చాక కూడా ఆగలేదు.

భార్గవ్ గారి ముఖం వెలిగింది. ఇది స్వయంసహాయ సామర్థ్యానికి గొప్ప నిదర్శనం అన్నారు. అప్పటికప్పుడే తూనీగల్ని పిలిపించారు. తూనీగలంటే అవే, కిటికీల దగ్గర ఎగురుతూ లెక్కలు తీసే చిన్న యంత్రాలు. అవి ప్రతి వంటగదిలోకీ తొంగి చూశాయి. మా ఆడవాళ్ల సంఘం పెద్ద మణెమ్మక్క ఒకదాన్ని చీపురుతో తరిమి, నేను చెప్పాక రానిచ్చింది.

ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను. దావీదు రాజు జనసంఖ్య లెక్కపెట్టించి తన ప్రజల మీదికి ఎంత తెగులు తెచ్చుకున్నాడో నాకు గుర్తు రాలేదు.

నమోదు 5

(నాలుగోది మీకు వినపడలేదు. కోపంలో రాసినవి స్తంభం చదవదని చెప్పారు.)

ఫలితం వచ్చింది. సామర్థ్యంలో నగరం మొత్తం మీద మేమే ముందున్నాం. అవసరంలో గీత దాటలేదు.

భార్గవ్ గారు పాపం ఓపికగా వివరించారు. పంచిపెట్టడానికి తిండి ఉందంటే మిగులు ఉన్నట్టు. మిగులు ఉన్నచోట అవసరం లేదు. కొలతమ్మ ఇళ్లను ఇచ్చేవి, పుచ్చుకునేవి అని విడదీయబోయింది. ప్రతి ఇల్లూ రెండు వైపులా తేలింది. కనికరమ్మ కూడా. ఆ తుంటితోనే తన డబ్బా నింపి తాడు కట్టి కిందికి వదులుతుంది. ఎటూ తేలనప్పుడు కొలతమ్మ అందర్నీ ఇచ్చేవాళ్ల కిందే రాసుకుంటుందట.

"మీరు పేదవాళ్లా, సమర్థులా, ఏదో ఒకటి తేల్చుకోవాలి అయ్యగారూ," అన్నారాయన.

మణెమ్మక్క పక్కనే చేపలు తోముతోంది. "ఏట పడితే సమర్థులం, పడకపోతే పేదోళ్లం. పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకోటి. మీ యంత్రానికి పూటలు తెలవ్వా బాబూ?" అంది.

ఆయనకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వెళ్లబోతూ నన్ను పక్కకు పిలిచి ఒక దారి చెప్పారు. కొన్నాళ్లు ఆ పిడికెడు ఆపండి. తూనీగలు మళ్లీ చూస్తాయి. అవసరం గీత దాటుతుంది. తర్వాత మీ ఇష్టం.

వింటున్నవాడా, ఆలయంలో కానుక పెట్టె దగ్గర ఒక బీద విధవరాలు రెండు కాసులు వేసింది. ప్రభువు చూశాడు, మెచ్చుకున్నాడు. ఆమె ఇచ్చింది కాబట్టి ఆమె పేరు బీదల వరసలోంచి కొట్టేయండని చెప్పినవాడు ఆ రోజు అక్కడ లేడు. అతని కోసం లోకం ఇన్నాళ్లు ఆగాల్సి వచ్చింది.

ఇంత తెలిసి నేనేం చేశాను? కనికరమ్మ ఇంటిని తలుచుకున్నాను. పున్నమిని తలుచుకున్నాను. ఆదివారం పీఠం ఎక్కి, తిరిగి చెప్పేదాకా ఎవరూ పిడికెడు తీయొద్దని చెప్పాను. మెట్ల కోసం అన్నాను. ఆడవాళ్లు తలలూపారు.

నమోదు 6

తూనీగలు వచ్చి చూసి వెళ్లాయి. ప్రతి డబ్బాలోనూ బియ్యం ఉన్నాయి.

మణెమ్మక్కను నిలదీశాను. తను సంఘం పెద్ద, తన మాట మీదే మిగతా ఇళ్లు నడుస్తాయి.

"నేను తియ్యలేదు అయ్యగారూ," అంది.

"డబ్బాలో ఉన్నాయి కదక్కా."

"సెయ్యి తీసింది. బియ్యం గిన్నెలో సెయ్యి పెడితే దాని పని అది సేసేత్తంది. నేను సూసేటప్పటికే డబ్బాలో పడ్డాయి. మళ్లీ తీసి గిన్నెలో ఏద్దామంటే, దేవుడికి ఏసినవి ఎట్టా తియ్యమంటారు?"

ఇంటింటికీ వెళ్లాను. అందరిదీ అదే జవాబు. ఒకామె చేతికి గుడ్డ చుట్టుకుని వండిందట, అయినా పడ్డాయి. వీళ్ల విశ్వాసం మీద కోప్పడాలో మెచ్చుకోవాలో తెలియక ఇంటికొచ్చి, నా ఒక్కడికి అన్నం వండుకుందామని బియ్యం తీశాను. నీళ్లు పోయబోతూ చూసుకుంటే నా పిడికిలి డబ్బా మీద ఉంది.

విప్పేశాను. బియ్యం డబ్బాలోనే పడ్డాయి.

నమోదు 8

(ఏడోదీ కోపంలోనే రాశాను.)

ఆఖరి మాట చెప్పేశారు. మెట్లకు నిధులు రావు. అయితే ప్రాధికారం వారు మమ్మల్ని వదిలేయలేదు. సామర్థ్యంలో ముందున్నాం కాబట్టి మాకు శిక్షణ మంజూరైంది. పేరు సోపాన సంసిద్ధత. మెట్లు వచ్చిన రోజున వాటిని ఎలా ఎక్కాలో, ఎలా దిగాలో ముందుగా నేర్పుతారు.

శిక్షకుడు వచ్చాడు. నేల మీద సుద్దముక్కతో మెట్లు గీశాడు. మా ముసలివాళ్లను, నా లాంటి నడివయసువాళ్లను వరసలో నిలబెట్టి గీత మీద గీత అడుగు వేయించాడు. కుడికాలు, ఎడమకాలు, కమ్మీ ఉన్నట్టుగా చెయ్యి. గడ్డి ఇవ్వకుండా ఇటుకలు చేయించిన ఫరో కూడా ఇటుకలు ఎలా పట్టుకోవాలో ఐగుప్తులో శిక్షణ పెట్టలేదు. చివర్లో అందరికీ ఒక బిస్కట్ పొట్లం ఇచ్చాడు. కనికరమ్మ శిక్షణకు రాలేదని గైరుహాజరు వేశాడు. ఎందుకు రాలేదని అడిగాడు. మెట్లు లేక, అన్నాను. అది కూడా రాసుకున్నాడు.

సాయంత్రం కనికరమ్మ బాల్కనీ కింద పడవలో నిలబడి జరిగింది చెప్పాను. మెల్లగా చెప్దామనుకున్నాను గానీ నాలుగంతస్తులకు మెల్లగా చెప్పలేం. బ్లాకంతా విన్నది.

ఆవిడ బాల్కనీ కమ్మీ మీదికి వంగింది. "ఆమోసూ, నా ఇల్లు ఎవరికిత్తారో తెలిత్తే చెప్పయ్యా. తలుపు గడియ ఎత్తి పట్టుకుంటే గానీ పడదు. ఆళ్లకి చెప్పాలి గదా," అంది.

బేతెస్ద కోనేటి దగ్గర ముప్ఫయ్యెనిమిదేళ్ల జబ్బుతో పడి ఉన్నవాడు తనను నీళ్లలోకి దింపేవాడు లేడని మొరపెట్టుకున్నాడు. కనీసం మొర పెట్టుకున్నాడు. ఈవిడ గడియ సంగతి చెప్తోంది.

నమోదు 9

ఇస్సాకు మేస్త్రి మా బ్లాకులో గోడలు అతుకు వేసే మనిషి. మెట్లు మనమే కడదామని గాలివాన నాడే అన్నాడు. దేంతో అని అందరం నోరు మూయించాం. కర్ర దొరికే కాలం పోయింది. ఇనుము ఉప్పుగాలికి బూడిదవుతుంది. సిమెంటు ప్రాధికారం సంతకం లేకుండా రాదు.

ఈ పొద్దున ఇస్సాకు నన్ను చెయ్యి పట్టుకుని కింది అంతస్తులోకి తీసుకెళ్లాడు. మోకాళ్ల లోతు నీళ్లు. ప్రాధికారం వారు ఆ చోటును గిడ్డంగిగా వాడుకుంటున్నారు. అందులో ఉన్నవి శంకుస్థాపన ఫలకాలు. నల్లరాయి, నున్నగా చెక్కి బంగారు అక్షరాలు పోసినవి. నగరంలో మొదలుపెట్టబోయే ప్రతి పనికీ ముందు ఫలకం చేయిస్తారు, పని మొదలయ్యేలోపు పథకం పేరు మారుతుంది, మళ్లీ ఫలకం చేయిస్తారు. పాతవి ఇక్కడ పేరుస్తారు. కట్టని ఆసుపత్రులు, తవ్వని కాలువలు, పదమూడో బ్లాకుకు మూడు పేర్లతో మూడు మెట్లదారులు, అన్నీ అక్కడ గోడకు ఆనుకుని ఉన్నాయి.

ఇస్సాకు జేనతో కొలిచాడు. పాత మెట్టు ఎంత వెడల్పో ఫలకం అంతే వెడల్పు.

ఇది దొంగతనం కాదా అని నేనడిగాను. నా పని అడగడం.

"గుమ్మం ముందు పడేసినోళ్లు ఆళ్లు. మన నేల మీద ఇన్నేళ్లు పెట్టుకున్నారు. మనం జరిపి పెడతన్నాం. ఒకదాని మీద ఒకటి," అన్నాడు ఇస్సాకు.

కట్టేవాళ్లు పనికిరాదని పక్కన పెట్టిన రాయే చివరికి మూలరాయి అయిందని లేఖనం చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నేను పంచె ఎగ్గట్టాను.

నమోదు 10

గోడల్లో పాత మెట్ల గుంటలు చెక్కుచెదరలేదు. ఫలకం కొస వాటిలో దూర్చి, ఆల్చిప్పలు కాల్చిన సున్నంతో బిగించాలి. ముందు పెళ్లలు తీయాలి, చిప్పలు ఏరాలి, కాల్చాలి, దంచాలి, రాళ్లు మోయాలి. మా బ్లాకు చేతులు చాలవు.

అప్పుడు మణెమ్మక్క ఆదివారం గుడ్డ మీది కుప్పను చూపించి, పనికొచ్చినోళ్లందరికీ అన్నం పెడదామంది. స్తంభంలో నా దినచర్య వింటున్నవాళ్లు, మూడో బ్లాకునుంచి, పదమూడునుంచి, పేరు తెలియని బ్లాకుల్నుంచి పడవల్లో వచ్చారు. కూలి అడిగినవాడు లేడు. రెండు పూటలా అన్నం, చారు, ఎండుచేప. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టినప్పుడు ఎవరి ఇంటి ఎదుట వాళ్లు కట్టారు. వీళ్లు ఎవరిదో ఇంటి మెట్లు కట్టడానికి వచ్చారు.

పదమూడో బ్లాకువాళ్లు తమ మెట్లదారి ఫలకాన్ని గుర్తుపట్టి, అది తామే మోస్తామని పట్టుబట్టారు. ఇన్నాళ్లకు తమ మెట్టు ఎక్కడో ఒకచోట మెట్టయిందని ఒకాయన అన్నాడు.

తూనీగలు వచ్చి మా చుట్టూ ఎగిరాయి. కొలతమ్మ మమ్మల్ని ఆపలేదు. అనుమతి లేని స్వచ్ఛంద సేవకు తన పట్టికలో వరుస లేదంది.

వారం తిరిగేసరికి మూడో అంతస్తు దాటాం. పున్నమి దగ్గరికొచ్చింది.

నమోదు 11

మిత్రులారా, ఈరోజు మధ్యాహ్నం కనికరమ్మ దిగింది.

ఇస్సాకు ముందు నడిచాడు, మణెమ్మక్క వెనక. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కర్ర ముందు ఆనించి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ కూడబెట్టుకుంటూ దిగింది. చదువు రాదు కాబట్టి ఏ ఆసుపత్రి మీద కాలు పెట్టిందో, ఏ కాలువ మీద పెట్టిందో ఆవిడకు తెలియదు. కింద మేం పక్కకు జరిగి దారిచ్చాం. పలక మీద కాలు మోపింది.

"కనికరమ్మ. నివాసి. బయటికి," అంది కొలతమ్మ.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ఆవిడే, "తెలిసిందా నేనెవరో," అని స్తంభాన్ని తట్టి, పడవెక్కి ఎండుచేపల దిబ్బకు వెళ్లింది. అక్కడ తనతో పనిచేసిన ఆడవాళ్లున్నారు. సాయంత్రం వరకు వాళ్లతో కూర్చుని, వాళ్ల చేపలు ఎంత అధ్వాన్నంగా ఎండాయో చెప్పి వచ్చిందట.

వచ్చేటప్పటికి మెట్లకు అడ్డంగా ఎర్ర రిబ్బను ఉంది.

ఆవిడ లేని సమయంలో భార్గవ్ గారు వచ్చి కట్టించారు. తొమ్మిదో బ్లాకులో మెట్లు ఏర్పడినట్టు కొలతమ్మ గుర్తించింది. మెట్లున్నాయి కాబట్టి అవి ప్రాధికారం వారి మెట్లే. ప్రాధికారం వారి మెట్లు కాబట్టి పునరుజ్జీవన పథకం విజయవంతమైంది. విజయవంతమైన పథకాన్ని మంత్రిగారు ప్రారంభించాలి. ప్రారంభం కానిదే ఎవరూ ఎక్కకూడదు. రిబ్బనులో సన్నని తీగ ఉంది. అది తెగేదాకా పలక నిద్రపోతుంది, ఎవరు తొక్కినా లెక్కలోకి రాదు. మంత్రిగారు ఎప్పుడొస్తారని అడిగాను. వచ్చే ఋతువులో, తేదీ ఖరారు కాలేదు అన్నారు.

కనికరమ్మది వెళ్లిన అడుగు పడింది, వచ్చే అడుగు పడలేదు. లెక్క మూసేది రేపు సాయంత్రం.

భార్గవ్ గారికి ఈ సంగతి చెప్పాను. ఆయన రిబ్బను వైపు చూశారు, ముసలావిడ వైపు చూశారు. "నాది ఒప్పంద ఉద్యోగం అయ్యగారూ. ఇది కూడా ఈ పున్నమికే తిరగరాస్తారు," అన్నారు. ఆయన్ని తిట్టలేకపోయాను. తిట్టాల్సింది రిబ్బనును, అది వినదు.

ఇస్సాకు ఉలి తీశాడు. కొలతమ్మ వెంటనే చెప్పింది: తీగ తెంచిన చేతిని గుర్తిస్తాను, ఆ చేతి ఇంటి కేటాయింపు రద్దవుతుంది. ఇస్సాకుకు ముగ్గురు పిల్లలు. నేను ఉలి లాక్కుని ముందుకెళ్లాను, నాది ఒంటి బతుకు. కనికరమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"నా ఇంటి కోసం నీ ఇల్లు పోతే, ఆ ఇంట్లో నాకు నిద్రెట్టా పడతదిరా? పక్కకి జరుగు," అంది.

ఆవిడ ఈ రాత్రి పడవలో పడుకుంటోంది. పైకి వెళ్లాల్సిన మిగతావాళ్లంతా బాల్కనీ తాళ్లు పట్టుకుని ఎగబాకారు. సరుకు ఒకటి, సరుకు రెండు, సరుకు మూడు అని కొలతమ్మ లెక్కపెడుతూనే ఉంది.

నేను ఎక్కలేదు. మెట్ల దగ్గర కూర్చుని కొలతమ్మను ఒకే మాట అడిగాను. తీగను ఇద్దరు కలిసి తెంచితే ఎవరి ఇల్లు రద్దు చేస్తావు? ఇద్దరిదీ అంది. పదిమందైతే? పదిమందిదీ. నగరమంతా ఆ ఉలి మీద చెయ్యి వేస్తే?

కొలతమ్మ మొదటిసారి ఆలస్యం చేసింది. నగరమంతా ఖాళీ అయితే నివాసితులు ఉండరు, నివాసితులు లేని నగరానికి ప్రాధికారం ఉండదు, ఆ వరుస తన పట్టికలో లేదు అంది.

వింటున్నవాడా, ఈ మాటలు నీ స్తంభంలోంచి వినపడే సమయానికి పున్నమి పొద్దు పొడిచి ఉంటుంది. యెరికో గోడల చుట్టూ తిరిగినవాళ్లలో ఏ ఒక్కడి అరుపుకు గోడ కూలిందో ఎవడైనా చెప్పగలడా? దేవుడు ఆ రహస్యాన్ని కావాలనే దాచాడు, ఎవడి ఇల్లూ ఒంటరిగా పోకూడదని. నువ్వు వాక్యం నమ్ముతావో లేదో నేనడగను. ఏ దేవుడికి మొక్కుతావో అడగను. నీ బ్లాకు మెట్లు గట్టిగా ఉన్నాయని నువ్వు ఇంట్లో కూర్చుంటే, అవి కూలే రోజున ఎవరి తలుపు తడతావో అది మాత్రం అడుగుతాను.

రేపు అనకు. వచ్చే లెక్క అనకు. పోటు సాయంత్రం ఎక్కుతుంది, దాంతోపాటే లెక్క మూస్తారు. ఆ ముసలావిడ పడవలో కూర్చుని మెట్ల వైపు చూస్తోంది. చేతిలో పని పక్కన పెట్టు. పొయ్యి ఆర్పు. పక్కింటి తలుపు కొట్టి వాళ్లనూ లేపు. పడవ విప్పు, పడవ లేకపోతే పక్కవాడి పడవలో ఎక్కు. తొమ్మిదో బ్లాకు దగ్గర ఉలి ఒకటే ఉంది, దాన్ని పట్టుకోవడానికి నీ చెయ్యి చాలు. ఈరోజే రా. ఇప్పుడే బయల్దేరు.